అరవై నాలుగు గళ్ళు, ఇరవై అంకెలు

(ఆకాశవాణి కడప కేంద్రం మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం. అక్కడ సమయం చాలక వదిలేసిన సంగతులు కూడా చేర్చి రాశాను.)



ఈసారి ఊరగాయల సంగతి కాదు, పిల్లల జలుబు సంగతీ కాదు. ఒకే ఒక సంఖ్యను గురించి చెప్పాలని వచ్చాను. లెక్కలనగానే పేజీ తిప్పేయకండి. నేను చదివింది పదో తరగతి వరకే. అందులోనూ లెక్కల్లో అత్తెసరు మార్కులే. నాకు అర్థమైనది మీకు అర్థం కాకపోదు.

ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615.

మొత్తం ఇరవై అంకెలు. నోటితో చెప్పాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటికోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఒకసారి ఊపిరి పీల్చుకోండి.

ఈ సంఖ్య నాకు మొదట బడిలో తగల్లేదు. మా తాత నేర్పాడు, అదీ పద్యంగా. సాయంత్రం పూట నాపరాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టుకుని వేమన పద్యాలతో పాటు ఒక చంపకమాల కూడా అప్పజెప్పించుకునేవాడు. చదరంగం గళ్ళలో గింజల లెక్క చెప్పే పద్యం అది. పావులూరి మల్లనదని పెద్దలంటారు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. పదకొండో శతాబ్దం వాడని చెప్తారు. అంటే మన భాషలో భారతం మొదలైన రోజుల్లోనే లెక్కల పుస్తకం కూడా పుట్టిందన్నమాట. ఈ సంగతి మా పిల్లల పాఠ్యపుస్తకాల్లో వెదికాను గాని కనబడలేదు.

ఆ పద్యంలో ఒకటి, రెండు అని అంకెలు ఉండవు. చంద్రుడంటే ఒకటి, ఎందుకంటే చంద్రుడు ఒక్కడే. సముద్రమంటే నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు గనుక బాణమంటే అయిదు. కొండ ఏడు. దిక్కులు మోసే ఏనుగులు ఎనిమిది. మన ఒంట్లో రంధ్రాలు తొమ్మిది. ఆకాశమంటే సున్నా, అక్కడేమీ లేదు గదా! ఇలా అంకెలకు మారుపేర్లు పెట్టి పద్యం అల్లారు. దాన్ని కుడినుంచి ఎడమకు పేర్చుకోవాలి. పద్యంలో మొదట వచ్చేది ఒకట్ల స్థానం, చివర వచ్చేది అన్నిటికంటే పెద్ద స్థానం. అర్థం తెలియకుండానే నేనిది ముప్పై ఏళ్ళు నోట్లో పెట్టుకు తిరిగాను.

కథ మీరు వినే ఉంటారు. చదరంగం కనిపెట్టినవాణ్ణి రాజుగారు ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపి ఇప్పించండి చాలునన్నాడట ఆయన. రాజు నవ్వి, ఒక మూట ధాన్యం ఇచ్చి పంపేయమన్నాడట. ఈ కథ చాలా దేశాల్లో ఉంది. వెయ్యేళ్ళ కిందట అల్‌బిరూనీ అనే మహాపండితుడు ఇదే లెక్క కట్టి ఇదే సంఖ్య రాసిపెట్టాడు.

రాజు నవ్వడంలో తప్పేమీ లేదు. నేనూ అదే చేసేదాన్ని. చేసి చూశాను కూడా. అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి బియ్యం పెట్టడం మొదలుపెట్టాను. ముందుగా ప్రొద్దుటూరులో తెలిసిన బంగారం అంగడిలో లావు బియ్యం గింజలు తూపించుకున్నాను. కాస్త అటూ ఇటూగా యాభై గింజలకు ఒక గ్రాము తూగింది. అంటే కిలోకు యాభై వేల గింజలు, టన్నుకు అయిదు కోట్లు. మన సన్నబియ్యమైతే గింజలు ఇంకా ఎక్కువ పడతాయి. లెక్క తేలికని లావువే తీసుకున్నాను.

మొదటి వరుస ఎనిమిది గళ్ళు నిండేసరికి 255 గింజలు. అయిదు గ్రాములు. పిల్లికి కూడా కడుపు నిండదు. రెండో వరుస కూడా పూర్తయితే 65,535 గింజలు, కిలో మూడు వందల గ్రాములు. ఒక పూట వంట. మా ఆయన వచ్చి చూసి, "ఇంతేనా నీ లెక్క? దీనికోసమా అరుగంతా గీసినావు?" అన్నాడు. మూడు వరుసలకు 335 కిలోలు. నాలుగు మూటలు దాటినా ఒక ఎద్దులబండి మోసే బరువే. నాలుగో వరుస కూడా పూర్తయితే, అంటే పలకలో సరిగ్గా సగం నిండితే, 429 కోట్ల గింజలు. దాదాపు 86 టన్నులు.

ఎర్రగుంట్ల వాళ్ళకు టన్నుల సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సిమెంటు, నాపరాళ్ళు, కరెంటు కార్ఖానాకు వచ్చే బొగ్గు, ఇవన్నీ రైలు మీదో లారీల మీదో కదిలేది మన కళ్ళ ముందరే. మూతవేసిన గూడ్సు వ్యాగను ఒకటి సుమారు అరవై టన్నులు మోస్తుంది. కాబట్టి సగం పలకకు ఒకటిన్నర వ్యాగను బియ్యం చాలు. ఇంతవరకూ రాజుగారి నవ్వు పోలేదు. ధాన్యాగారంలో ఒక మూల గది ఖాళీ అయిందంతే.

ఇక మిగిలిన సగం చూడండి. అయిదో వరుసకు 22 వేల టన్నులు. ఆరో వరుసకు 56 లక్షల టన్నులు. ఏడో వరుసకు 144 కోట్ల టన్నులు. మన దేశమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 14, 15 కోట్ల టన్నులు గనుక అది పదేళ్ళ పంట. ఎనిమిదో వరుస పూర్తయ్యేసరికి దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడు వందల ఏళ్ళు పండించాలి. 42 వ్యాగన్ల గూడ్సు బండి 2,500 టన్నులు మోస్తుందనుకుంటే, మన స్టేషనులో పది నిమిషాలకొక బండి చొప్పున రాత్రీ పగలూ కదిలినా, 2,800 ఏళ్ళు పడుతుంది ఆ బియ్యం పోవడానికి. మన పాత కడప జిల్లా అంతటా పరిస్తే పదంతస్తుల మేడ ఎత్తున పరుచుకుంటుంది. ఒకప్పుడు పండగనాడు మాత్రమే వరన్నం తిన్న సీమలో ఈ మాట చెబుతుంటే నాకే నవ్వొచ్చింది.

సగం దాకా ఒకటిన్నర వ్యాగను, మిగతా సగానికి దాదాపు పద్నాలుగు కోట్ల డెబ్భై లక్షల బండ్లు. ఈ తేడా మనసులో పెట్టుకోండి. మళ్ళీ పని పడుతుంది.

ఇంత సంఖ్యను తప్పు లేకుండా కట్టడం ఎట్లా? నేను మొదట ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కొక్కటే రెట్టింపు చేసుకుంటూ పోయాను. నలభై ఒకటో గడి దగ్గర ఎక్కడో ఒకటి వదిలేసి, తర్వాతవన్నీ తప్పే చేశాను. మా అబ్బాయి కాలిక్యులేటరులో కొడితే అది మొదటి పది అంకెలు చూపించి, మిగతావి మింగేసింది. అప్పుడు వాడే ఒక ఉపాయం చెప్పాడు. రెండును రెండుతో హెచ్చిస్తే 4. దాన్ని దానితోనే హెచ్చిస్తే 16. మళ్ళీ అదేవిధంగా 256. ఆ తర్వాత 65,536. ఆ తర్వాత 429,49,67,296. దీన్ని ఇంకొక్కసారి దానితోనే హెచ్చిస్తే అరవై నాలుగు రెండ్ల లబ్ధం వచ్చేస్తుంది. అరవై మూడుసార్లు రెట్టింపు చేసే పని ఆరు గుణకారాలతో అయిపోయింది. చివరి గుణకారం మాత్రం ఒక మధ్యాహ్నం తినేసింది. పొయ్యి మీద పప్పు మాడింది.

వచ్చిన దాంట్లో ఒకటి తీసేయాలి. ఎందుకంటారా? పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చుకున్నామనుకోండి. మొదటి గడిలో ఒకటి ఉంది, అప్పు గింజ కలిస్తే రెండు. రెండో గడిలోని రెండూ కలిస్తే నాలుగు. మూడో గడిలోని నాలుగూ కలిస్తే ఎనిమిది. ఇట్లా ఎక్కడికక్కడ కలుపుకుంటూ పోతే, ఎప్పుడూ తర్వాతి గడికి సరిపడా సంఖ్య వస్తుంది. చివరకు లేని అరవై అయిదో గడి అంత అవుతుంది. అప్పు గింజ తిరిగి ఇచ్చేస్తే మన సంఖ్య మిగులుతుంది.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి పాతకాలం గుమాస్తాల పరీక్ష ఉంది. అంకెలన్నీ కూడండి. 87 వస్తుంది. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. గళ్ళ వైపు నుంచి కూడా ఇట్లాగే చూడొచ్చు. 1, 2, 4, 8, తర్వాత 16 అంటే ఏడు, 32 అంటే అయిదు, 64 అంటే మళ్ళీ ఒకటి. ఈ ఆరూ చక్రంలా తిరుగుతుంటాయి. ఆరింటినీ కూడితే 27, అంటే తొమ్మిది. ఈ పరీక్షలో తొమ్మిదంటే ఏమీ లేనట్లే. అరవై గళ్ళు అట్లా కొట్టుకుపోగా మిగిలిన నాలుగింటికి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది కలిసి పదిహేను, అంటే ఆరు. రెండు వైపులా ఆరే.

కాని ఈ పరీక్షను మరీ నమ్ముకోకూడదని రేడియో స్టేషనులోనే తెలిసింది. మైకు ముందు అంకెలు ఒక్కొక్కటిగా చదువుతూ రెండు నాలుగుల తర్వాత వచ్చే సున్నాను మింగేశాను. కాగితం నా చేతిలోనే ఉంది, అయినా మింగేశాను. వారం తిరక్కుండా ఒక శ్రోత కార్డు రాశారు, "అమ్మా, మీ సంఖ్యకు పంతొమ్మిది అంకెలే వచ్చాయి" అని. సున్నా పోయినా కూడికలో తేడా రాదు గదా, అదే 87! పద్యంలో మాత్రం సున్నాకు కూడా ఒక పేరుంది, ఆ పేరుకు అక్షరాలున్నాయి. దాన్ని మింగితే గణాలు తప్పి పద్యం కుంటుతుంది. మా తాత అప్పజెప్పించుకునేటప్పుడు కళ్ళు మూసుకుని ఉండి కూడా తప్పు పట్టేవాడంటే ఇందుకే. తాటాకు చెదలు పట్టినా లెక్క చెడకుండా ఉండడానికి మన వాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. నేను పద్యం చదివి ఉంటే పరువు దక్కేది.

ఈ సంఖ్యను ఎంతమందికి సమంగా పంచవచ్చో చూద్దాం. చివర అయిదుంది గనుక అయిదుగురికి పంచవచ్చు. అంకెల కూడిక 87ను మూడు నిశ్శేషంగా భాగిస్తుంది గనుక ముగ్గురికీ పంచవచ్చు. ఏడుగురికి పంచితే ఒక గింజ మిగిలిపోతుంది. ఇందాకటి మెట్లు గుర్తున్నాయా? 2, 4, 16, 256, 65,536, 429,49,67,296. వీటికి ఒక్కొక్కటి కలపండి. 3, 5, 17, 257, 65,537, 429,49,67,297. ఈ ఆరింటినీ హెచ్చిస్తే సరిగ్గా మన సంఖ్యే వస్తుంది. వీటిలో మొదటి అయిదూ ఇక దేనితోనూ భాగించలేని ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త నమ్మాడు. నమ్మకమే గాని రుజువు లేదు. సుమారు తొంభై ఏళ్ళ తర్వాత, 1732లో, ఆయిలర్ అనే మహానుభావుడు దాన్ని 641తో భాగించి శేషం లేదని చూపించాడు. భాగఫలం 67,00,417. మీ ఇంట్లో ఆరో తరగతి పిల్లవాడుంటే హెచ్చించి చూడమనండి. అంత గొప్పవాడి పొరపాటు పట్టుకోవడానికి ఆ పిల్లవాడికి వచ్చిన గుణకారం చాలు. ఎక్కడ వెదకాలో తెలియడమే గొప్ప.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ పలక మీద ఏ గడి తీసుకున్నా, అందులోని గింజలు అంతకు ముందున్న గళ్ళన్నిటిలోని గింజల కంటే ఒకటి ఎక్కువ. ఎనిమిదో గడిలో 128, ముందున్న ఏడింటిలో కలిపి 127. అరవై నాలుగో గడి ఒక్కటే ముందున్న అరవై మూడింటినీ మించుతుంది.

మా పెద్ద వదినది కోస్తా. ఆమె పుట్టింట్లో పాత కొలతలున్నాయి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. ఏడు పాత్రలూ ఒక్కొక్కటి ఉంటే, ఒక గిద్ద నుంచి 127 గిద్దల దాకా ఎంత కావాలన్నా, ఏ పాత్రనూ రెండోసారి ముంచకుండా కొలవవచ్చు. ఉదాహరణకు పదకొండు గిద్దలంటే తవ్వ ఒకటి, అరసోల ఒకటి, గిద్ద ఒకటి. మీ చేతిలోని సెల్‌ఫోను లెక్క చేసేది కూడా ఈ పద్ధతిలోనే. పాత్ర ముంచామా లేదా అన్నది ఒక్కటే దానికి కావాలి. ఈ కాలపు ఫోన్లలో ఇలాంటి పాత్రలు వరుసగా అరవై నాలుగుంటాయి. అన్నీ ఒకేసారి ముంచితే వచ్చే అతిపెద్ద కొలత మన ఇరవై అంకెల సంఖ్యే.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో చెప్తాను. కొన్నేళ్ళ కిందట తెలిసినామె ఒకామె మా ఇంటికి వచ్చింది. "వదినా, మూడు వేలు కట్టు. ఇద్దర్ని చేర్చు, చాలు. ఆ ఇద్దరూ చెరి ఇద్దర్ని చేరుస్తారు. నీ కింద రెండు వరుసలు నిండితే నీకు డబ్బు రావడం మొదలైతాది. ఆమీద నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అంది. ఇద్దరంటే ఎంత! నేను కట్టాను. మా ఆడబిడ్డను ఒకామెను, రోజూ మాకు పూలు పోసే ఆమెను చేర్చాను. పద్యం నోటికి వచ్చిన నేనే, మొదటి వరుస గళ్ళు చూసి రాజుగారిలా నవ్వుకున్నాను.

ఒకరితో మొదలుపెట్టి ఇద్దరిద్దరిని చేర్చుకుంటూ పోతే పదిహేను వరుసలకు 32,767 మంది. 2011 జనాభా లెక్కల్లో మా ఎర్రగుంట్ల ఊరంతా, ఉయ్యాల్లో పిల్లలతో సహా, ముప్పై వేల చిల్లర. ముప్పై ఒక్క వరుసలకు 214 కోట్లు, దేశం చాలదు. ముప్పై మూడు వరుసలకు 859 కోట్లు. 2022లో 800 కోట్లు దాటిన ప్రపంచ జనాభా కూడా ఇంకా అంత లేదు. పలకలో సగం దాటి ఒక్క గడి జరిగేసరికి భూమ్మీద మనుషులు అయిపోయారు. కాబట్టి ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. ఎక్కడ తెగినా ఆఖరి వరుసలో ఉన్నవాళ్ళు పైవాళ్ళందరి కంటే ఒకరు ఎక్కువ. పది వరుసల దగ్గర ఆగితే 1,023 మందిలో 512 మంది ఆఖరి వరుసే. రెండు వరుసలు నిండితేగాని డబ్బు లేదన్నారు గనుక, చివరి రెండు వరుసల వాళ్ళకూ ఏమీ రాదు. 768 మంది. నూటికి డెబ్భై అయిదుగురు. నడిపేవాడు మంచివాడైనా, చెడ్డవాడైనా లెక్క ఇంతే. ఇలాంటి గొలుసు డబ్బు పథకాలను నిషేధిస్తూ మన దేశంలో 1978లోనే చట్టం వచ్చింది. సరుకు అమ్మకం పేరుతో నడిపే గొలుసులు కూడా కుదరవని 2021లో నిబంధనలు చేశారు. అవి నాకు తర్వాత తెలిశాయి.

ఆ పథకం ఏడాది తిరక్కుండా మూతపడింది. మా ఆడబిడ్డ ఇప్పటికీ ఆ మాట ఎత్తదు, ఎత్తకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది. పూలామెకు మూడు వేలంటే చిన్న మొత్తం కాదు. కనకాంబరాలకు, మల్లెలకు పెట్టుబడి పెట్టే డబ్బు అది. నాకు రేడియో వాళ్ళిచ్చే పారితోషికంలోంచి విడతలుగా తీర్చుకుంటూ వచ్చాను.

ఆఖరి విడత ఇచ్చిన రోజు ఆమె అరుగు మీద కూర్చుంది. "యాడ పోయిందక్కా ఆ దుడ్డంతా? ఎవురన్నా ఎత్తుకపాయనా?" అని అడిగింది. చింతగింజలు తెచ్చి నాపరాయి మీద పేర్చాను. పైన ఒకటి, దాని కింద రెండు, ఆ కింద నాలుగు, ఎనిమిది, పదహారు. ఒక్కొక్క గింజ ఒక్కొక్క మనిషి అన్నాను. ఆమె చాలాసేపు చూసి, ఆఖరి వరుస మీద చెయ్యి ఆనించి, "అయితే నేను ఈడ ఉంటినా?" అంది. అవునన్నాను. నేను ఎక్కడున్నానో అడిగింది. ఆ పైవరుసలో ఒక గింజ చూపించాను.

ఆమె ముందు పైనున్న గింజలన్నీ లెక్కపెట్టింది. పదహైదు. తర్వాత కింది వరుస లెక్కపెట్టింది. పదహారు. నమ్మకం కలగక మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.